ఎక్కడ ఆగిందో చూపించేది

ఆ వీధిలో అందరూ వాళ్ళిద్దర్నీ వదినామరుదులనే పిలిచేవాళ్ళు. ఇంటి ముందుగదే వాళ్ళ కార్ఖానా. ఎలక్ట్రానిక్ బోర్డు గీయడం, సామాన్లు కొనడం మరిది పని. బోర్డు మీది చిప్పుకి ప్రోగ్రాం రాయడం వదిన పని. ఈసారి చేస్తున్నది నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెకి బోర్డు. అదృష్టం బాగుండి పెట్టె ఇంకా ఆస్పత్రికి చేరలేదు. ఎందుకంటే బోర్డు రోజుకోసారి ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది. హీటరు వెలుగుతుండగా అలా అయితే? తలుచుకుంటేనే వదినకి ఒళ్ళు జలదరించేది.

నెల కిందటే ఆమె చెప్పింది. "ప్రోగ్రాం ఎక్కించేది ఒక్కటే చాలదు. నడుస్తున్న చిప్పుని ఆపి లోపల చూపించే డీబగ్గర్ కావాలి."

మరిది బుద్ధిగా తలూపి, బజార్లో అన్నిటికన్నా చవకైన ప్రోగ్రామర్ పరికరం పట్టుకొచ్చాడు. "రెండిటికీ అవే తీగలు వదినా. మీరు ఊరికే కంగారుపడతారు."

అది ప్రోగ్రాం ఎక్కించి చేతులు దులుపుకునేది. పదకొండు రోజులు ఆమె తడుముకుంది. ప్రోగ్రాంలో అక్కడక్కడా లైటు వెలిగించే లైను రాయడం, మళ్ళీ ఎక్కించడం, ఎప్పుడాగుతుందా అని గుడ్లప్పగించి కూర్చోవడం.

పన్నెండో రోజు పొద్దున మరిది ఫోన్లో, పెట్టె చేయించుకుంటున్న ఆస్పత్రి డాక్టరమ్మతో అంటున్న మాట చెవిన పడింది. "బోర్డు బంగారంలా ఉంది మేడమ్. మా వదిన ప్రోగ్రాంలోనే ఏదో తప్పు."

వదినకి అరికాలి మంట నెత్తికెక్కింది. అతను ఫోన్ పెట్టేదాకా ఆగి, "కళ్ళకి గంతలు కట్టిందీ నువ్వే, గుడ్డిదన్నదీ నువ్వేనా?" అని చెప్పులేసుకుని బయటపడింది.

కొట్లో అమ్మాయి ముందు ఖరీదైన డీబగ్గర్ తీసింది. "దీంట్లో అన్నీ ఉంటాయండీ."

"నాకు అన్నీ అక్కర్లేదు! మా చిప్పు పేరు దీని జాబితాలో ఉందా? మా బోర్డు వోల్టేజీకి సరిపడుతుందా? నడుస్తున్నదాన్ని ఆపుతుందా?"

కోపం ఆ పిల్ల మీదకి మళ్ళుతోందని తెలిసి గొంతు తగ్గించింది. మూడింటికీ సరిపోయింది అట్టపెట్టె కూడా లేని ఓ చిన్నది. చవకదానికి రెండింతల ధర, అంతే. ఇంతోటిదానికా పదకొండు రోజులు! ఒళ్ళు ఇంకా మండింది.

సాయంత్రానికి బోర్డు బిగుసుకుంది. కొత్త డీబగ్గర్‌తో లోపల చూస్తే ప్రోగ్రాం ఒకే లైను దగ్గర నిలబడి ఉంది, వేడి కొలిచే సెన్సర్ జవాబు కోసం. జవాబు రాకపోతే ఎంతసేపు ఎదురుచూడాలో ఆమే రాయలేదు. తప్పు తనదే. మరి జవాబెందుకు రాలేదు? బోర్డు దీపం కింద పెట్టి చూసింది. సెన్సర్ మీది నంబరు వేరు.

"ఇది నేను చెప్పింది కాదు."

మరిది నసిగాడు. "అలాంటిదే వదినా. కాస్త చవగ్గా వచ్చిందని..."

"నాకు చెప్పావా?"

అతను బల్ల మీది తీగలు సర్దడం మొదలెట్టాడు.

"డాక్టరమ్మకి ఫోన్ చెయ్."

"రేపు పొద్దున..."

"ఇప్పుడే. నా ఎదురుగా."

చేశాడు. "మేడమ్, మావల్ల చిన్న పొరపాటు..."

"మావల్ల అని కలిపి మూటగట్టకు," అంది వదిన, అవతలికి వినిపించేలాగే. "నీది నువ్వు చెప్పు. నాది నేను చెప్తా."

ఇద్దరూ చెప్పారు. డాక్టరమ్మ అంతా విని, "సరైన సెన్సర్ పెట్టి, వారంపాటు ఆగకుండా నడిపి చూపించండి. అప్పుడే తీసుకుంటా," అంది.

వదిన అప్పుడే కూర్చుని రాసింది: జవాబు రాకపోతే హీటరు ఆరిపోవాలి, గంట మోగాలి. పక్కన మరిది సెన్సర్ ఊడదీస్తూ మెల్లగా అడిగాడు. "కోపం తగ్గిందా వదినా?"

"తగ్గలేదు. టంకం ఇంకా కరగలేదు, లాగకు."