ఆపుకోమన్న అరగంట

రెంటచింతలలో మిరప వేసే ఇన్నయ్యకు అరవై ఎనిమిదేళ్లు. గంటకోసారి ఒంటికి పోవాల్సి వస్తోందని ఆరు నెలలుగా నీళ్లు తాగటమే తగ్గించాడు. భార్య శౌరమ్మ పోరు పడలేక చివరికి నరసరావుపేటలో స్కానింగ్‌కి వచ్చాడు.

అక్కడ లీటరు నీళ్లు తాగించి, పిలిచేదాకా ఆపుకోమన్నారు. ముందు ఇంకా నలుగురున్నారు. ఇన్నయ్య పంచె బిగించి పట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఇంటికి పోదాం పదవే. నలుగురిలో పరువు పోయేట్టుంది."

"ఇంతదాకా వచ్చి పోతావా? కూర్చో" అంది శౌరమ్మ.

అరగంటకు పిలుపొచ్చింది. డాక్టరమ్మ పొత్తికడుపు మీద స్కాన్ చేసి, "ఇప్పుడెళ్లి మొత్తం పోసిరా తాతా" అంది.

బాత్రూంలో ఇన్నయ్య గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఇందాక ఆపలేనంత వచ్చింది, ఇప్పుడు రమ్మంటే రావటం లేదు. బయట ఎవరో తలుపు తట్టారు. ఆగి ఆగి సన్నటి ధార కాసేపు వచ్చి ఆగిపోయింది.

డాక్టరమ్మ మళ్లీ చూసింది. "ఇంకా మూడొందల మిల్లీలీటర్లు లోపలే ఉంది. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి దారిని నొక్కుతోంది. మూత్రం సంచి ఖాళీ కాకపోబట్టే మాటిమాటికీ వస్తోంది. నీళ్లు మానేస్తే తగ్గేది కాదిది."

"మా అన్నను తీసుకుపోయిన క్యాన్సరేనా అమ్మా?"

"ఈ స్కాన్‌తో చెప్పలేం. రక్తపరీక్ష చేయించి, ఇవ్వాళే యూరాలజీ డాక్టరుకు చూపించు."

బయటికొచ్చి ఇన్నయ్య అంతా చెప్పాక శౌరమ్మ అడిగింది. "అన్న సంగతి మనసులో పెట్టుకునేనా ఇన్నాళ్లూ రానన్నావు?"

ఇన్నయ్య తలూపాడు. "చానా భయమేసిందే. ఇప్పుడూ ఉంది."

"ఉండనీ. ఆ డాక్టరు దగ్గరికి నేనూ లోపలికొస్తా" అని ఆమె ఆటోను ఆపింది.