మూడో అంతస్తు

“పైకా, కిందికా?” అని అడగడం లిఫ్టాయన ఎప్పుడో మానేశాడు. ముఖం చూస్తే తెలిసిపోతుంది. కాగితాలు తిరగేస్తూ వచ్చేవాళ్ళు రక్తపరీక్షలకు, ఒకటో అంతస్తు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మాటా పలుకూ లేకుండా నిలబడేవాళ్ళు ఆపరేషన్లకు, మూడో అంతస్తు. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఆసుపత్రిలో ఆయన పని అదే.

ఆ ఉదయం పొట్ట బిగుసుకుపోయి, చొక్కా కింది గుండీ పట్టలేదు. నాలుగు రోజులుగా విరేచనం లేదు. అది ఆయనకు కొత్తేమీ కాదు. తాను లేచి వెళ్తే ఎవరి స్ట్రెచరు ఆగిపోతుందోనని, వచ్చినదాన్ని ఆపుకోవడం కూడా ఉద్యోగంలో భాగమే అనుకున్నాడు. పదిగంటలకు నొప్పి మెలిపెట్టింది. స్ట్రెచరు మీది గర్భిణిని రెండో అంతస్తులో దింపాకే లిఫ్టులోని తన పీట మీద కూలబడ్డాడు.

“ఏంటి బాబాయ్, ఆ చెమటలు?” అంది ఆ అంతస్తు నర్సమ్మ.

“గాలి పట్టిందమ్మా, అదే పోతుంది.”

ఆమె చొక్కా ఎత్తి చూసింది. పొట్ట డోలులా ఉబ్బి ఉంది. వెంటనే ఆయన్ని ఎక్స్‌రేకి నడిపించింది.

మధ్యాహ్నానికి ఆయన భార్య పరుగున వచ్చింది. డాక్టరమ్మ ఇద్దరికీ చెప్పింది. “పెద్దపేగు చివరి భాగం మెలితిరిగి దారి మూసుకుపోయింది. కిందినుంచి గొట్టం వేసి విప్పుదామని చూశాం. లోపల నల్లబడిపోయింది, బాబాయ్. ఆ ముక్క తీసెయ్యాలి. ఇప్పుడే అతికితే నిలవదు. కొన్ని నెలలు మలం పొట్టమీద నుంచే సంచీలోకి పోతుంది.”

“సంచీ అయితే సంచీ. మనిషి మిగలాలి గానీ,” అంది భార్య.

“సంచీతో లిఫ్టులో కూర్చోవచ్చా?”

“ముందు బతకండి!” అని కసిరింది భార్య.

నర్సమ్మ స్ట్రెచరును లిఫ్టులోకి నెట్టింది. “గట్టిగా నొక్కమ్మా, మూడు కాస్త మొండిది,” అన్నాడు. వెల్లకిలా పడుకుని పైకప్పు చూశాడు. అక్కడ ఒక చిన్న ఫ్యాను ఉందనీ, అది తిరగదనీ ఆయనకు ఆ రోజే తెలిసింది.

రెండు గంటలు పట్టింది. మెలి విప్పితే అందులోని విషం ఒంట్లోకి పాకుతుందని, డాక్టరమ్మ దాన్ని విప్పకుండానే మొదలు దగ్గర బిగించి, మూరెడు పేగును కోసి తీసింది. వంకాయ రంగు తిరిగి ఉంది. పైకొసను పొట్ట ఎడమవైపు బయటికి తెచ్చి చర్మానికి కుట్టింది.

సాయంత్రం తెలివి రాగానే, “లిఫ్టు ఎవరు చూస్తున్నారు?” అని అడిగాడు.

భార్య దుప్పటి సర్దింది. “ఎవరూ లేరు. ఎవరికి కావాల్సింది వాళ్ళే నొక్కుకుంటున్నారు.”

“ఎవరూ ఇరుక్కోలేదా?”

“లేదు.”

నవ్వొచ్చింది. కుట్లు లాగాయి. పొట్టమీద చెయ్యి వేసుకుని, నవ్వు ఆగేదాకా కళ్ళు మూసుకున్నాడు. కళ్ళ కొసల్లోంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. భార్య కొంగుతో తుడిచింది.

పదో రోజున ఇంటికి పంపారు. లిఫ్టు పీట మీద ఇక ఎవరూ అక్కర్లేదని ఆఫీసువాళ్ళు మర్యాదగానే చెప్పారు. లిఫ్టులో చెయ్యి దానంతటదే బటన్ల వైపు పోయింది. వెనక్కి తీసుకున్నాడు.

“నువ్వు నొక్కు,” అన్నాడు భార్యతో.

ఆమె వేలు కాసేపు వెతుక్కుని సరైన అంకె మీద ఆగింది. కింద తలుపు తెరుచుకుంది. ఇద్దరూ నెమ్మదిగా ఎండలోకి నడిచి వెళ్ళారు.

లిఫ్టు మూలన మేకుకు ఆయన నీళ్ళసీసా వేలాడుతూ ఉండిపోయింది, జబ్బుపడ్డ ఉదయం నింపుకొచ్చిన నీళ్ళు సీసా మెడదాకా అలాగే ఉన్నాయి.