ఎత్తెక్కని కారు

బస్సు డిపోలో ఇంజన్లు విప్పి బిగించే ఆమెను ఇంట్లో అందరూ బొంగరం అనే పిలుస్తారు. పుట్టి ఇన్నేళ్లయినా ఒక్క చోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. అన్నం తింటూ తింటూనే నాలుగుసార్లు లేచి కిటికీ దాకా వెళ్లొస్తుంది. అలాంటి మనిషి బుర్రంతా పదకొండు రోజులుగా ఒకే చోట ఇరుక్కుపోయింది. నాన్న కారు ఎత్తెక్కడం లేదు.

ఆ కారు ఆమె కన్నా మూడేళ్లు పెద్దది. మీగడ రంగు, గుండ్రటి దీపాలు, తలుపు వేస్తే భోషాణం మూత పడ్డట్టు బరువైన చప్పుడు. నాన్న ముప్పై ఏళ్లు అంబులెన్స్ నడిపాడు. వీధిలో పిల్లలకు ఇప్పటికీ సైరన్ తాతే. ఈ ఆదివారం పాత కార్ల వాళ్లంతా కొండ రోడ్డు మీద పందెం పెట్టుకున్నారని తెలిసి, ఆయన్ని మాటమాత్రమైనా అడక్కుండా బొంగరం ఆ కారు పేరు రాయించేసింది. మర్నాడు కారు తీసి నీళ్ల ట్యాంకు దగ్గరి ఎత్తు ఎక్కించబోతే అది మూడో గేరులో ఆయాసపడింది, రెండో గేరులో మూలిగింది. చివరికి సైకిల్ తొక్కుకుంటూ వస్తున్న పోస్ట్‌మ్యాన్ పక్కనుంచి దాటుకుని వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ జాలిగా వెనక్కి తిరిగి చూశాడు కూడా. ఆ చూపు ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

ఆ రోజు నుంచి డ్యూటీ దిగగానే నాన్న ఇంటి షెడ్డులోనే మకాం. ప్లగ్గులు మార్చింది. ఇంజన్‌కు పెట్రోలూ గాలీ కలిపి పంపే కార్బురేటర్ విప్పి వెంట్రుకంత సన్నటి రంధ్రాలన్నీ గాలి కొట్టి శుభ్రం చేసింది. పెట్రోలు పంపు, గాలి ఫిల్టరు, సైలెన్సర్, ఏదీ వదల్లేదు. కంప్రెషన్ కొలిస్తే నాలుగు సిలిండర్లూ భేషుగ్గా ఉన్నాయి. బానెట్ ఎత్తి, కార్బురేటర్ మీదున్న మీటను చేత్తో లాగితే షెడ్డు రేకులు అదిరిపోయేవి. తీరా రోడ్డెక్కితే మళ్లీ అదే మూలుగు.

నాన్న ముక్కాలిపీట మీద కూర్చుని స్పానర్లు అందించేవాడు. "పోనీలే అమ్మాయ్, వయసు మీద పడ్డ బండి. మెల్లగా పోతే మాత్రం ఏమైంది?"

"వయసు కాదు నాన్నా. దీనికి ఇంకేదో రోగం ఉంది. అదేంటో తేలేదాకా నాకు ముద్ద దిగదు."

ఆయన చేతిలోని గుడ్డతో తుడిచిన స్పానరే మళ్లీ తుడిచేవాడు.

వంటింటి కిటికీలోంచి అమ్మ అరిచేది. "రోజూ ఇంటికొస్తున్నావు, ఒక్కసారైనా నా మొహం చూశావుటే? నాకూ ఓ బానెట్ ఉండుంటే బావుండేది!"

డిపోలోనూ ఇదే గోల. గురువారం ఒక బస్సుకి ఆయిల్ పోసి మూత పెట్టడం మర్చిపోయింది. ఫోర్‌మన్ ఆ మూత తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "ఒళ్లిక్కడ, మనసెక్కడ?" అన్నాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

శుక్రవారం సాయంత్రానికి చూడాల్సింది ఏమీ మిగల్లేదు. షెడ్డులో ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగీ తిరిగీ టక్కున ఆగింది. రోజూ కార్బురేటర్ మీట తను చేత్తోనే లాగుతోంది. పెడల్ తొక్కినప్పుడు ఆ మీట ఎంతవరకు కదులుతోందో ఒక్కసారీ చూడలేదు! డిపోలో కొత్తగా చేరినవాళ్లకు తను చెప్పే మొదటి పాఠమే అది.

"నాన్నా, సీట్లో కూర్చుని యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కు."

ఆయన లేవలేదు. "మోకాలు పట్టేసింది అమ్మాయ్."

"అయితే అమ్మా, నువ్వు రా."

అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, సింహాసనం ఎక్కినట్టు ఎక్కి కూర్చుంది. "తొక్కానే!"

"పూర్తిగా తొక్కమ్మా."

"ఇంకెక్కడికి తొక్కను? అడుగు తగిలితేనూ!"

బానెట్ కింద చూస్తే మీట సగమే కదిలి, కార్బురేటర్‌లో గాలిని వదిలే రేకు సగమే తెరుచుకుని ఆగిపోయింది. బొంగరం పరుగున వెళ్లి, అమ్మ కాళ్ల దగ్గర దూరి, దళసరి చాప ఎత్తి చూసింది. పెడల్ కింద నేలకు ఒక బోల్టు నిలబెట్టి ఉంది. కొత్తది, మెరుస్తోంది. వదులు కాకుండా ఒకదాని మీద ఒకటి రెండు నట్లు. ఆ పనితనం ఎవరిదో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. అలా బిగించడం ఆమెకు నేర్పిన మనిషి ముక్కాలిపీట మీదే ఉన్నాడు.

"నేనే పెట్టాను," అన్నాడు నాన్న.

"పదకొండు రోజులు నాన్నా! పక్కన కూర్చుని స్పానర్లు అందిస్తూ... నేను పిచ్చిదానిలా..." చేతిలోని టార్చిలైటు విసిరికొట్టింది.

ఆయన తన అరచేతులకేసి చూసుకుంటూ మెల్లగా చెప్పాడు. నాలుగు నెలల కిందట, పొద్దున్నే, బేకరీ ముందు. ఎడమ పక్క నుంచి ఒకావిడ పసిపిల్ల బండి తోసుకుంటూ రోడ్డు దాటుతోంది. ఆయనకు కనబడలేదు. ఎవరో కేకేస్తే బ్రేకు తొక్కాడు. ఆ పిల్ల బండి చక్రానికీ కారు బంపరుకూ మధ్య జానెడే దూరం.

"ఆవిడ నన్ను ఒక్క మాట అన్లేదమ్మాయ్. వణికిపోతూ నిలబడింది, అంతే. నేను దిగను కూడా దిగలేదు. భయమేసి వచ్చేశాను. ఎదురుగా ఉన్నవి బాగానే కనబడతాయి. ఎడమ పక్కనుంచి వచ్చేవే తెలియడం లేదు. తాళం బీరువాలో పడేశాను. నడపకుండా రెండు రోజులు కూడా ఉండలేకపోయాను. మెల్లగా నడుపుదామంటే నా కాలి మీద నాకే నమ్మకం లేదు. ముప్పై ఏళ్లు వేగానికి అలవాటు పడ్డ కాలు ఇది. అందుకే ఆ బోల్టు."

అమ్మ కారులోంచి దిగింది. "నేనూ నీ ఎడమ పక్కనే కదయ్యా కూర్చుంది! నాలుగు నెలల్నుంచి నన్ను మార్కెట్‌కి తిప్పుతున్నావే, నేనైనా కనబడ్డానా?"

ఎవరికీ నవ్వు రాలేదు. అమ్మ ఇంట్లోకి వెళ్లిపోయి తలుపు దఢాలున వేసుకుంది.

బొంగరం ఆ బోల్టు విప్పేసింది. ఆదివారం స్టీరింగ్ ముందు తను కూర్చుంది. నాన్న రానంటే రానన్నాడు, తీరా కారు కదిలే వేళకు వచ్చి ఎడమ సీట్లో కూర్చున్నాడు. కారు కొండను పరుగున ఎక్కింది. పద్నాలుగు బళ్లలో ఆరోది. పదకొండు రోజులు దేనికోసం తపించిందో అది చేతికొచ్చినా ఆమెకు ఊరట కలగలేదు. పైన అందరూ ఫొటోలు దిగుతుంటే తను కారు చుట్టూ తిరుగుతూనే ఉంది.

సోమవారం కంటి డాక్టరమ్మ దీపాలు వేసి, చుక్కలు చూపించి, గంటసేపు పరీక్ష చేసింది. కంట్లో ఒత్తిడి పెరిగి పక్కచూపు దెబ్బతింది, పోయింది ఇక తిరిగి రాదు, మందు వేసుకుంటే ఉన్నది నిలుస్తుంది. "కారు మాత్రం ఇక నడపకండి," అంది. నాన్న బుద్ధిగా తల ఊపాడు. బయటికొచ్చాక మాత్రం, "పొద్దున్నే ఒకసారి బేకరీ వైపు తీసుకెళ్తావా?" అని అడిగాడు.

మూడు రోజులు పొద్దున్నే వెళ్లారు. బేకరీకి ఎదురుగా కారు ఆపుకుని కూర్చునేవారు. బొంగరం స్టీరింగ్ మీద వేళ్లతో దరువు వేసేది, అద్దం సర్దేది, గడియారం చూసేది. "నాన్నా, ఆవిడ ఊళ్లోనే లేదేమో," అంటే, "ఇంకో పావుగంట చూద్దాం," అనేవాడు.

నాలుగో రోజు ఆవిడ వచ్చింది. నాన్న దిగి, తల పూర్తిగా ఎడమకు తిప్పి చూసుకుని రోడ్డు దాటాడు. ఆవిడ ఆయన్ని గుర్తుపట్టలేదు, కారును గుర్తుపట్టింది. పాప బండిని చప్పున వెనక్కి లాక్కుంది.

"ఆ రోజు దిగి మాట్లాడాల్సిందమ్మా," అన్నాడు నాన్న. "దిగలేదు, తప్పే. ఇక నేను నడపను. అది చెబుదామనే వచ్చాను."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఫరవాలేదని అన్లేదు. "చెప్పారు, మంచిది," అని మాత్రం అని, పాప దుప్పటి సర్దుకుని వెళ్లిపోయింది.

నాన్న వచ్చి కూర్చుని తలుపు వేసుకున్నాడు. బొంగరం వేళ్లు ఈసారి స్టీరింగ్ మీద దరువు వేయలేదు. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు.