వాన పడితే ఆగే ఆట

ఆట ఆగి ఆగి నడుస్తోందని అత్తగారు ఫోన్ చేస్తే, పెద్దల్లుడు వెళ్లి ఆమె కళ్లు పరీక్షించాడు.

అతన్ని తప్పుపట్టడానికి లేదు. అతనికి కళ్లజోళ్ల షాపుంది. బొమ్మ అదురుతోందని ఎవరు చెప్పినా అతని చెయ్యి ముందు అద్దాల పెట్టె మీదికే వెళ్తుంది. అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక అద్దం తీసి ఇంకొకటి వేస్తూ, “ఇది బాగుందా? పోనీ ఇది?” అని అడిగిందే అడిగాడు. దూరపు చూపు కాస్త తగ్గిన మాట నిజమే. కొత్త కళ్లజోడు చేసి, స్వయంగా తీసుకెళ్లి ఆమె ముక్కు మీద పెట్టాడు.

“ఇప్పుడెలా ఉంది అత్తయ్యగారూ?”

ఆమె ఒక రౌండు ఆడి చూసింది. “బ్రహ్మాండంగా ఉంది అల్లుడుగారూ. ఆగి ఆగి నడవడం ఇదివరకటి కంటే స్పష్టంగా కనిపిస్తోంది.”

ఆమె ముప్పై ఏళ్లు డ్రైవింగ్ స్కూలు నడిపిన మనిషి. మోకాలి ఆపరేషన్ తర్వాత క్లచ్ తొక్కలేక కారు అమ్మేసింది. కానీ రోడ్డు మీద మమకారం చావలేదు. ఇప్పుడు హాల్లో టీవీ ముందు బల్లకి స్టీరింగ్ బిగించుకుని, ల్యాప్‌టాప్‌లో కార్ల రేసులు ఆడుతోంది. బ్రేకూ యాక్సిలరేటరూ చేతి మీటలతోనే. నలుగురు మనుషుల టీమ్ ఆమెది. కెప్టెన్ ఒక లారీ డ్రైవరు. ఆమెకి క్లచ్చమ్మ అని పేరు పెట్టింది అతనే. ఆదివారం మధ్యాహ్నం పోటీ. అందులో నెగ్గితే ఫైనల్స్. ఫైనల్స్‌లో ఎవరు కూర్చోవాలన్నది ఆదివారం నడిపినదాన్ని బట్టి తేలుతుంది. రిజర్వులో ఒక నర్సు కాచుకుని ఉంది. వయసులో ఉన్న పిల్ల, చేతులు చురుకు.

సరిగ్గా ఆ వారమే గేమ్‌కి అప్‌డేట్ వచ్చింది. అప్పట్నుంచీ బొమ్మ జారడం మానేసి గెంతడం మొదలుపెట్టింది. సెకనుకి అరవై బొమ్మలు, అంటే ఫ్రేములు, చూపించాల్సింది ఇరవై దగ్గర మూలుగుతోంది. మలుపు కనిపించేసరికి కారు గోడలో ఉంటోంది.

ఆ ల్యాప్‌టాప్ ఏరికోరి తెచ్చింది పెద్దల్లుడు. ఆ ఇంట్లో వైరు పెట్టాలన్నా పీకాలన్నా పెళ్లయిన దగ్గర్నుంచీ అతని చెయ్యే పడాలి. ఎవరూ అడగకపోయినా అది తన హోదా అనుకున్నాడు. ఆ హోదాకి శుక్రవారం సాయంత్రం చిల్లు పడింది.

“ఏమండీ, అమ్మ ఆట బాగైపోయిందట,” అంది భార్య, అతను షాపు నుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగానే. “మరిదిగారు చూశారట. పది నిమిషాల్లో చేసేశారట.”

చెప్పు ఒకటి కాలికే ఉండిపోయింది.

మరిదిగారంటే చిన్నల్లుడు. ఆమె చెల్లెల్ని చేసుకుని ఇంకా ఆర్నెల్లు కాలేదు. పంటి డాక్టరు.

“పళ్లు పీకేవాడికి కంప్యూటర్లెందుకు?” అన్నాడు పెద్దల్లుడు.

“కళ్లు చూసేవాళ్లకి ఉండగా ఆయనకుంటే తప్పా?”

“ఏం చేశాడట?”

“షాడోలట, నీడలు. అవన్నీ తీసేశారట. ఇంకేదో తగ్గించారట. అమ్మ సంబరపడిపోతోంది. మీరూ ఒకసారి వెళ్లి చూసి రండి.”

“చూడ్డానికి అదేమన్నా పసిబిడ్డా?” అని స్నానానికి వెళ్లాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఒళ్లు మాత్రం మండుతోంది.

శనివారం షాపు కుర్రవాళ్లకి అప్పజెప్పి వెళ్లాడు. చూసి రావడానికి కాదు, తప్పు పట్టడానికి.

అత్తగారు తలుపు తీసింది. “రండి అల్లుడుగారూ, కూర్చోండి. మోకాలి వ్యాయామం సగంలో ఉంది, ముగించుకుని వస్తా,” అని లోపలి గదిలోకి వెళ్లింది. హాల్లో అతనూ, ఆ ల్యాప్‌టాపూ మిగిలారు.

స్టీరింగ్ ముందు కూర్చుని ఆట మొదలుపెట్టాడు. కారు సాఫీగానే కదిలింది. గుండెలో ముల్లు దిగింది. రెండు మలుపులు తిరిగాక అతని కన్ను పని మొదలుపెట్టింది. దూరంగా ఉన్న బోర్డులు అలుక్కుపోయి ఉన్నాయి. చెట్ల అంచులు నానిన అట్టముక్కల్లా ఉన్నాయి. పంటి డాక్టరు రోగం కుదర్చలేదు. బొమ్మని మొద్దు చేసి, బరువు తగ్గించి, పరిగెత్తించాడు. అంతే.

‘మరి బరువు పెరిగితే?’

సెట్టింగుల్లోకి వెళ్లి వాన పెట్టాడు. చినుకులు, అద్దం మీద వైపర్ల తుడుపులు, రోడ్డు మీద మెరుపులు. కారు వంద గజాలు పోయి వణికింది. ఆగింది. గెంతింది. మళ్లీ ఆగింది.

పెద్దల్లుడి పెదాల మీదికి నవ్వొచ్చింది. ఆదివారం మొదటి రౌండు వానలోనే. పోటీ కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఉంది, ఆ ఇంటికొచ్చిన ప్రతివాడూ చదివిందే.

నవ్వుతూనే అలవాటుగా ల్యాప్‌టాప్ పక్కన చెయ్యి పెట్టాడు. నవ్వు ఆగిపోయింది.

చల్లగా ఉంది.

ఆట నడుస్తుంటే ఆ యంత్రం పక్కనుంచి వేడిగాలి కొట్టాలి. కొన్న కొత్తలో ‘పొయ్యి తెచ్చారా అల్లుడుగారూ’ అని అత్తగారు వేళాకోళం చేసింది కూడా. అందులో బొమ్మలు గీసే చిప్పులు రెండు. బ్యాటరీ మిగల్చడానికి చిన్నది, బండచాకిరీకి పెద్దది. వేడి రావడం లేదంటే పెద్దది నిద్రపోతోంది. భారమంతా చిన్నదాని మీద పడింది.

సిస్టమ్ సెట్టింగులు తెరిచాడు. తప్పుదారిలో రెండుసార్లు వెళ్లి, వెనక్కొచ్చి, చివరికి పట్టుకున్నాడు. అప్‌డేట్ గేమ్‌ని కొత్త ఫైలుగా పెట్టింది. పాత ఏర్పాటు పాత ఫైలుతోనే పోయింది. కొత్తదాని ఎదురుగా ‘పవర్ సేవింగ్’ అని ఉంది. దాన్ని ‘హై పెర్ఫార్మెన్స్’ అని మారిస్తే చాలు. ఒక్క నొక్కు.

మార్చి, గేమ్ ఆపి మళ్లీ మొదలుపెట్టి చూశాడు. ఫ్యాను గర్జించింది. అరచేతికి వేడి తగిలింది. వానలో కారు వెన్నలా జారింది. నీడలన్నీ తిరిగి పెట్టినా జారింది.

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది.

“అత్తయ్యా! ఏం చేస్తున్నారు? మోకాలు వంగుతోందా?” చిన్నల్లుడి గొంతు.

“రా నాన్నా రా! నీ గురించే అనుకుంటున్నా. నూరేళ్లు నీకు. టీ తాగుతావా?” లోపలి గదిలోంచి ఆమె నవ్వు.

నాన్నా. నీకు. తాగుతావా. ఇన్నేళ్లుగా తను అల్లుడుగారే. గుమ్మంలో కాలు పెడితే ఆమె పైట సర్దుకుని లేచి నిలబడుతుంది. నిన్నగాక మొన్న వచ్చినవాడు అప్పుడే నాన్న అయిపోయాడు!

పెద్దల్లుడి వేలు మౌస్ మీద ఉంది. ఇప్పుడు చెబితే ఏమవుతుంది? ‘చిన్నబాబు పది నిమిషాల్లో చేసిందాన్ని పెద్దాయన ఇంకాస్త బాగు చేశారు’ అంటారు. అంతే కదా. అదే రేపు, అందరి ముందూ, మొదటి రౌండులో పంటి డాక్టరు పనితనం బయటపడితే? రెండో రౌండుకి ముందు తను లేచి, ఒక్క నొక్కుతో...

మళ్లీ ‘పవర్ సేవింగ్’ పెట్టాడు. నీడలు, వాన తీసేసి గేమ్ ఆపేశాడు. ఫ్యాను నెమ్మదించింది.

“ఓ, అన్నయ్యా! మీరెప్పుడొచ్చారు?” చిన్నల్లుడు హాల్లోకి వచ్చాడు. “ఎలా ఉంది? బాగుందా? నాకు పెద్దగా తెలీదు, ఏదో తిప్పలు పడ్డాను.”

“భేషుగ్గా ఉంది తమ్ముడూ,” అన్నాడు పెద్దల్లుడు. “నీ చెయ్యి పడ్డాక ఇక తిరుగేముంది?”

ఆదివారం మధ్యాహ్నం ఇల్లంతా టీవీ ముందు చేరింది. కూతుళ్లిద్దరూ సోఫాలో, అల్లుళ్లిద్దరూ చెరో కుర్చీలో. అత్తగారు జుట్టు బిగించి ముడేసుకుని స్టీరింగ్ పట్టుకుంది. స్పీకర్లోంచి కెప్టెన్ గొంతు ఖంగుమంది.

“క్లచ్చమ్మా, రెడీనా?”

“నేనెప్పుడూ రెడీనే. నువ్వు ముందు హారన్ కొట్టడం మానెయ్యి.”

అందరూ నవ్వారు. పెద్దల్లుడు అందరికంటే గట్టిగా నవ్వాడు.

వాన మొదలైంది. మొదటి మలుపు దాటింది. రెండో మలుపులో బొమ్మ గెంతింది. ఆమె సర్దుకుంది. వంతెన దగ్గర మళ్లీ ఆగింది. బొమ్మ కదిలేసరికి కారు రెయిలింగు మీద ఉంది. వెనక్కి తీసి మళ్లీ నడిపింది. మళ్లీ గుద్దింది. చిన్నల్లుడు కుర్చీ అంచు మీదికి జరిగాడు. పెద్దల్లుడు కుర్చీలో వెనక్కి వాలాడు.

ఆమె అందరికంటే ఆఖర్న గీత దాటింది.

‘అను. ఇదేమిటి నాన్నా ఇలా చేశావు అని అను,’ అని మనసులోనే ఎగదోశాడు పెద్దల్లుడు. లేవడానికి మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు.

ఆమె స్టీరింగ్ వదిలేసింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంది.

“కెప్టెన్, ఉన్నావా?”

“ఉన్నా. ఏమైంది క్లచ్చమ్మా? అంత గెంతులేంటి?”

“గేమ్‌ని మా చిన్నబాబు బాగు చేశాడు. కళ్లకి పెద్దల్లుడుగారు కొత్త అద్దాలు పెట్టారు. ఇక తప్పు ఎవరిది? చేతులు అయిపోయాయి నాయనా. రెండో రౌండుకి ఆ నర్సుని దింపు.”

పెద్దల్లుడు మోకాళ్ల మీంచి చేతులు తీసేశాడు. లెక్కలో ఇది లేదు.

“ఆలోచించుకో. పేరు మారిస్తే మళ్లీ మార్చడం కుదరదు,” అన్నాడు కెప్టెన్.

“మార్చెయ్. మీ ముగ్గురి కష్టం నా మూలంగా పోకూడదు.”

“అత్తయ్యా, ఆగండి!” చిన్నల్లుడు లేచి నిలబడ్డాడు. ముఖం పాలిపోయింది. “తప్పు నాదే అయ్యుంటుంది. అసలు ఎందుకు ఆగుతోందో నాకు తెలీనే లేదు. ఏదో తగ్గిస్తే నడిచింది, ఊరుకున్నాను. వానలో చూడనే లేదు. అన్నయ్యా, మీకేమైనా తడుతోందా? మీరు తెచ్చిన మెషీన్ కదా.”

అందరి తలలూ పెద్దల్లుడి వైపు తిరిగాయి. శనివారం నుంచి అతను కలలు కన్న క్షణం అదే. తీరా వచ్చేసరికి, దాన్ని పళ్లెంలో పెట్టి ఇస్తున్నది వీడు!

లేచాడు. మౌస్ పట్టుకున్నాడు. ఈసారి వేలు ఎక్కడా తడుముకోలేదు. తెరిచాడు, దిగాడు, నొక్కాడు. గేమ్ ఆపి మళ్లీ మొదలుపెట్టాడు. ఫ్యాను గర్జించింది. వానలో రోడ్డు నల్లగా, నున్నగా, ఆగకుండా జారింది.

“అబ్బ!” అంది చిన్న కూతురు. పెద్ద కూతురు చప్పట్లు కొట్టి, మొగుడి వైపు మెచ్చుకోలుగా చూసింది. “చూశావా అమ్మా, మా ఆయన!”

అత్తగారు తెర వైపు చూడలేదు. అల్లుడి చేతి వైపే చూస్తోంది.

“అల్లుడుగారూ, నేను కొన్ని వేలమందికి బండి నేర్పాను. కొత్త రోడ్డు మీదికి వచ్చినవాడు బోర్డులు చూసుకుంటూ వెళ్తాడు. మీరు అటూ ఇటూ చూడకుండా మీ ఇంటికి వెళ్లినట్టు వెళ్లారు. ఇది మీకెప్పుడు తెలిసింది?”

ఫ్యాను ఒక్కటే మోగుతోంది. ‘ఇప్పుడే తట్టింది’ అనొచ్చు. ఎవరూ కాదనలేరు. నోటి దాకా వచ్చింది కూడా. ఆమె చేతులు ఇంకా ఒళ్లోనే పడి ఉన్నాయి, ఎవరివో అయినట్టు.

“మీ చేతులకి ఏమీ కాలేదు అత్తయ్యగారూ,” అన్నాడు. “నిన్న తెలిసింది.”

భార్య చప్పట్లు కొట్టిన చేతులు కిందికి దిగాయి.

“కెప్టెన్!” చిన్నల్లుడు స్పీకర్ వైపు వంగి అరిచాడు. “పేరు మార్చకండి! ఆట బాగైంది, అత్తయ్యే నడుపుతారు!”

“నర్సు ఎక్కేసింది సార్. ఇక కుదరదు.”

రెండో రౌండు మొదలైంది. నర్సు నడిపింది. మామూలుగా కాదు, రోడ్డుకి కారుని అతికించి నడిపింది. అత్తగారు వాలు కుర్చీలోకి మారి, కుర్చీ చేతుల్ని పిడికిళ్లతో బిగించి చూసింది. టీమ్ ఫైనల్స్‌కి వెళ్లింది. ఆ సీటు ఇక ఎవరిదో ఎవరూ చెప్పక్కర్లేదు.

“బాగా నడిపావే దొంగముఖమా!” అంది అత్తగారు స్పీకర్లోకి. గొంతు నవ్వింది. ముఖం నవ్వలేదు. ఆ ముఖాన్ని పెద్దల్లుడు వెంటనే గుర్తుపట్టాడు. శుక్రవారం సాయంత్రం బాత్రూమ్ అద్దంలో చూసిన ముఖమే అది. తేడా ఒకటే. ఆమె ఆ పిల్ల కారు కింద మేకులు చల్లలేదు.

కూతుళ్లు వంటింట్లోకి వెళ్లారు. గిన్నెల చప్పుడులో పెద్ద కూతురి కోపం ఇక్కడిదాకా వినిపిస్తోంది. పెద్దల్లుడు లేవబోయాడు.

“కూర్చోండి,” అంది అత్తగారు. “ఇప్పుడు చేసింది తీసెయ్యండి. మళ్లీ పాడుచెయ్యండి.”

“అత్తయ్యగారూ...”

“పాడుచేసి, అతనికి నేర్పండి. ఎలా కనుక్కున్నారో, చెయ్యి ఎక్కడ పెట్టి చూశారో, అన్నీ. రేపు మళ్లీ ఆగితే నేను ఏ ఒక్కరి దయ కోసమూ కాచుకుని కూర్చోను.”

చిన్నల్లుడు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఎత్తిపొడిచినా బాగుండేది. కనీసం ముఖమైనా మాడ్చుకుంటే, తిరిగి కోపం తెచ్చుకోవడానికి పనికొచ్చేది. వీడికి అదీ చేతకాదు. మంచితనంలో కూడా వీడిదే పైచేయి అయింది. కడుపులో మంట ఎక్కడికీ పోలేదు, బుద్ధిగా కూర్చుని ఉంది.

పెద్దల్లుడు పవర్ సేవింగ్ పెట్టాడు. వాన పెట్టాడు. చిన్నల్లుడి చెయ్యి పట్టుకుని ల్యాప్‌టాప్ పక్కన ఆనించాడు. “చల్లగా ఉందా? పెద్ద చిప్పు పడుకుందన్నమాట. ఇప్పుడు దాన్ని లేపాలి. నువ్వు చెయ్యి.”

చిన్నల్లుడు మౌస్ అందుకుని సెట్టింగులు తెరిచాడు. సరైన వరస మీదికి వచ్చి, దాన్ని దాటి, వేరే దాని మీద ఆగాడు.

“ఇదేనా అన్నయ్యా?”

పళ్లలో పురుగు ఏ మూల ఉందో వేలితో పట్టేసే మనిషి. ఇంత పెద్ద అక్షరాలు కనిపించలేదా? లేక తనకి చెప్పే అవకాశం ఇస్తున్నాడా? పెద్దల్లుడు అతని ముఖంలో వెతికాడు. కళ్ల లోపల ఏముందో చెప్పడమే తన బతుకుతెరువు. అక్కడ ఏమీ దొరకలేదు.

వీడికి నిజంగానే తెలియకపోతే బాగుండునని పెద్దల్లుడు ఆశపడ్డాడు.

“అది కాదు తమ్ముడూ,” అన్నాడు. “దాని పైది.”