మాయమవడమే నా ఉద్యోగం

నేను ఒక స్టీలు బిళ్లని. జానెడు వెడల్పు. నా మొహాన్ని నాలుగు భాగాలు చేసి రెండింటికి తెల్లరంగు, రెండింటికి నల్లరంగు వేశారు. నడుమ చిల్లు, చిల్లులో తాడు, కింద సీసం ముద్ద. నన్ను పడవ మీంచి నీళ్లలోకి దింపుతారు. కనబడినంతసేపూ ఎవరూ నా గురించి మాట్లాడరు. కనబడకుండా పోయాక మాత్రం "పోయింది!" అని గబుక్కున తాడు బిగించి పట్టుకుంటారు. ఎంత లోతున మాయమయ్యానో, నీళ్లు అంత తేట అన్నమాట. లోకంలో అందరూ పదిమందికీ కనబడాలని పాటుపడతారు. నా ఉద్యోగం మాయమవడం.

మా వంశం పాతది. నూటయాభై ఏళ్లకు పైగా మావాళ్లు సముద్రాల్లో, సరస్సుల్లో మునుగుతూనే ఉన్నారు. నేను మాత్రం భీమవరంలో ట్రాక్టరు సామాన్లు చేసే ఒక లేత్ షాపులో పుట్టాను. నన్ను గుండ్రంగా కోసిన మేస్త్రి, "ఏంటండీ ఇది, గోడ గడియారమా?" అని అడిగాడు. చేయించుకున్న లెక్చరరు గారు నవ్వి ఊరుకున్నారు. ఆయన నన్ను కాలేజీలో అద్దాల బీరువాలో పెట్టారు. తనిఖీకి పెద్దవాళ్లు వచ్చినప్పుడు తీసి చూపించేవారు. నీళ్లు చూపించింది మాత్రం లేదు. తర్వాత ఒక పరిశోధక విద్యార్థి రెండు వర్షాకాలాలు నాతో పని చేశాడు. చివరికి డాక్టరేటు ఆయనకొచ్చింది, బకెట్టు నాకొచ్చింది. ల్యాబులో తాగేనీళ్ల చిన్న బకెట్టు మీద మూతగా చాలాకాలం పడున్నాను.

నన్ను ఆ బకెట్టు మీంచి లేపింది అదే కాలేజీలో చదివిన రూతు. వాళ్లింట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి. వాళ్లమ్మ రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే పనికి వెళ్లేది. విదేశాల్లో రొయ్య ధర పడిపోతే ఇక్కడ తల్లికి పని ఉండేది కాదు. ధర ఎందుకు పడిందో ఆ తల్లికి చెప్పేవాళ్లెవరూ లేరు. అది తెలుసుకుందామనే రూతు చదువుకుంది. నీళ్ల తేటదనం కొలిచే ఉద్యోగంలో చేరింది. చాలా దేశాల వాళ్లు కలిసి చేస్తున్న పని అది. పైన ఉపగ్రహం నీటి రంగు చూస్తుంది. అది చూసింది నిజమో కాదో కింద నీళ్లలో మునిగిన నాలాంటి బిళ్లల్ని అడిగి సరిచూసుకుంటారు. అంత ఎత్తున తిరిగేదానికి కూడా నా సాక్ష్యం కావాలి మరి. నాకు కాస్త గర్వంగానే ఉండేది.

రూతు నాకు కొత్త రంగులు వేసి, తాడుకి జానకొక గుడ్డపీలిక కట్టి, గుల్లలపాలెంలో పోతరాజు చేతిలో పెట్టింది. ఉప్పుటేటి ఒడ్డున వల మీద బతికే మనిషి. ప్రతి ఆదివారం మిట్టమధ్యాహ్నం పడవ నీడపట్టున నన్ను దింపేవాడు. "పోయింది" అనేవాడు. మెల్లిగా పైకి లాగి "వచ్చింది" అనేవాడు. రెండూ ఫోనులో తన గొంతుతోనే పంపేవాడు. "రూతమ్మా, పోతరాజుని. నాలుగు జానలకి పోయింది. మీ అమ్మ కులాసానా?"

ఇలా రెండేళ్లు గడిచేసరికి రూతుకి ఒక సంగతి బోధపడింది. విదేశాల్లో రొయ్య ధర లేస్తే ఇక్కడ చెరువుల్లో పిల్ల ఎక్కువ వేస్తారు, మేత ఎక్కువ పోస్తారు. పెరిగిన రొయ్యని పట్టే పట్టుబడి రోజున ఆ బురదనీళ్లన్నీ ఏట్లోకి వదిలేస్తారు. నేను మూడు జానలకే మాయం. ధర పడితే చెరువులు ఎండుతాయి, ఏరు తేటపడుతుంది, నేను నాలుగు జానల దాకా కనబడతాను. ఎక్కడో ఎవరి భోజనాల బల్ల మీద ఏముందో ఇక్కడ మునిగి ఉన్న నాకు తెలిసిపోయేది.

ఆ తర్వాతి ఏడు ధర బాగా పడింది. తీరమంతా చెరువులు సగం ఎండాయి. ఉపగ్రహం నీళ్లు తేటపడ్డాయంది. మిగతా ఊళ్ల బిళ్లలూ అదే అన్నాయి. పోతరాజు మాత్రం, "మూడు జానలకే పోయింది... రెండున్నరకే పోయింది... రెండుకే పోయిందమ్మా, ఏరు చచ్చిపోతంది" అంటూ పంపాడు.

రూతు పైఅధికారి, "ఆ ఊరి అంకెలు తీసి పారెయ్యమ్మా, లెక్క చక్కగా ఉంటుంది" అన్నాడు. రూతు తీయలేదు. కారణం తెలియకుండా తీయడం తప్పని ఆమె పట్టుదల.

ఊళ్లో మాత్రం ఆ అంకెలు ఇళ్లమధ్య చిచ్చు పెట్టాయి. పోతరాజు చెల్లెల్ని చేసుకున్న నాంచారయ్యకి ఏటి పక్కనే రొయ్యల చెరువులున్నాయి. ధర పడినా ఆయన చెరువులు ఆపలేదు. నష్టం పూడ్చుకోవాలని ఇంకా ఎక్కువ పిల్ల వేశాడు. "ఏరు చంపింది నువ్వే బావా" అని పోతరాజు పదిమందిలో అన్నాడు. రాకపోకలు ఆగిపోయాయి. చెల్లెలు వీధిలో ఎదురైనా తలొంచుకుని పోయేది. పెద్దలు కూర్చుని, వచ్చే ఆదివారం బిళ్ల రెండు జానలకే పోతే నాంచారయ్య చెరువు నీళ్లు ఏట్లోకి వదిలే తూము మూసెయ్యాలన్నారు. తూము మూస్తే నీళ్లు మార్చే దారి లేక చెరువులో పెరుగుతున్న పంట మొత్తం పోయినట్టే.

నాకు నిజం తెలుసు. నీళ్లలోంచి పైకి చూస్తే పోతరాజు మొహం నాకు స్పష్టంగా కనబడేది. గడ్డం మీద తెల్లవెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. నువ్వు నాకు కనబడుతుంటే నేను నీకెందుకు కనబడనయ్యా అని అరవాలనిపించేది. నాకు నోరెక్కడిది?

ఆ ఆదివారం రూతు తనే వచ్చింది. పడవలో పోతరాజు, ఆయన భార్య సీతారావమ్మ, పెద్దలు పంపగా వచ్చిన నాంచారయ్య. బావాబావమరుదులు చెరో కొసన, ఎడమొహం పెడమొహం.

పోతరాజు తాడు వదిలాడు. రెండో పీలిక నీళ్లు తాకింది. "పోయింది."

"ఇంకా ఉంది కదా బావా!" అన్నాడు నాంచారయ్య.

"నీకెందుకు కనబడదు? నీ తూము బతకాలిగా!"

"ఒట్టు బావా, తెల్లగా అదిగో..."

"నీ ఒట్టు నీ రొయ్యలకి పెట్టు."

రూతుకీ నేను కనబడుతున్నాను. ఆమె మొహంలో అర్థమైన సంగతి నాకు కిందనుంచే తెలిసింది. కానీ తండ్రి వయసు మనిషికి ఆ మాట ఎలా చెప్పాలో తెలియక తాడు కేసి చూస్తూ కూర్చుంది. నోరు విప్పింది సీతారావమ్మ.

"ఏవయ్యా, నాకూ కనబడతంది. నేనేం చెరువులు తవ్వించానా?"

నాంచారయ్య తల పక్కకి తిప్పుకున్నాడు. పోతరాజు చాలాసేపు నీళ్ల కేసి చూశాడు. అరచేత్తో కుడికన్ను మూశాడు. తీసి ఎడమకన్ను మూశాడు. మళ్లీ కుడిది మూశాడు.

"ఒక కంటికి మసగ్గా ఉంది. రెండోదానికి అసలు లేదు" అన్నాడు. "ఏరు కాదమ్మా రూతూ, నేనే" అన్నాడు.

"కంట్లో పొర అంతే బాబాయ్. తీస్తే పోతుంది" అంది రూతు.

"తీసేదాకా పడవ ఎవరు నడుపుతారు? గుడ్డోడి వెనకాల సముద్రంలోకి ఎవడొస్తాడు?"

"నోరు ముయ్యి బావా" అన్నాడు నాంచారయ్య. "రేపు పొద్దున్నే నా బండెక్కు. ఆస్పత్రికి నేను తీసుకెళ్తా. పడవ సంగతి నీ మేనల్లుళ్లు చూసుకుంటారు."

ఆ సాయంత్రం పోతరాజు తనే పెద్దల దగ్గరికెళ్లి తన చూపు సంగతి చెప్పాడు. తూము మూయొద్దన్నాడు.

రెండు కళ్లకీ ఆపరేషన్లయ్యాయి. నల్లద్దాలు తీసేసిన తర్వాతి ఆదివారం ఆయన నన్ను దింపాడు. రెండు జానలు దాటాను. మూడు దాటాను. పోతరాజు ఇంకా ముందుకి వంగాడు. నన్ను అంత ప్రేమగా ఎవరూ చూడలేదు. మూడున్నర దగ్గర, "పోయింది" అన్నాడు.

"చూశావా! నా తప్పేం లేదని చెప్పలేదూ!" అన్నాడు పడవలో పక్కనే ఉన్న నాంచారయ్య.

"ఆగు బావా. పక్క ఊళ్లలో నాలుగు జానలు కనబడతంది. ఇక్కడ మూడున్నర. నేను మింగింది జానన్నర. నా కన్ను తప్పని పదిమందిలో ఒప్పుకున్నా. మిగిలిన అర జాన మాత్రం నీదే."

నాంచారయ్య నవ్వబోయాడు. నవ్వు రాలేదు. తన కంటి లోపం తనే బయటపెట్టుకున్న మనిషి చెప్పిన అంకెని ఏమని కొట్టేస్తాడు? పంట తీశాక చెరువుల్లో ఒకదానిలో రొయ్య వేయడం మానేశాడు. వాడిన నీళ్లు అందులో నిలవుండి, బురద అడుక్కి దిగాకే తూముకి వెళ్లేలా గట్టు కోయించాడు. ఆయన్ని చూసి అవతలి చెరువులవాళ్లూ కోయించారు.

రూతు ఆ తప్పు అంకెల్ని తుడిచెయ్యలేదు. పక్కన కారణం రాసి, అన్ని దేశాల వాళ్లకీ పంపింది. నీళ్లు కొలిచేవాళ్ల కళ్లు కూడా ఏటా చూపించాలని అడిగింది. ఎక్కడో చలిదేశపు సరస్సు మీద బిళ్ల దింపే ఒక ముసలావిడ, "నాకూ పొర ఉందట, మీ పోతరాజు గారికి కృతజ్ఞతలు" అని రాసిందట. పోతరాజు ఆ మాట వారం రోజులు అందరికీ చెప్పుకున్నాడు.

ఈ ఏడు విదేశాల్లో ధర మళ్లీ లేచింది. రూతు వాళ్లమ్మకి చేతినిండా పని. తీరంలో చెరువులన్నీ నిండి ఉన్నాయి. ఇదివరకైతే మూడు జానలకే నా పని అయిపోయేది. ఇవాళ పట్టుబడులయ్యాక వచ్చిన మొదటి ఆదివారం. పోతరాజు తాడు వదులుతున్నాడు. పక్కన నాంచారయ్య, ఒరిగిపోతున్న పడవని కూడా పట్టించుకోకుండా, వంగి చూస్తున్నాడు. మూడో పీలిక తడిసింది.

"పోయిందా బావా?"

"ఉండు."

మూడున్నర.

"పోయిందా?"

"ఇంకా లేదు బావా. ఇంకా ఉంది."

నేను దిగుతూనే ఉన్నాను. పైన రెండు మొహాలు పక్కపక్కనే కనబడుతున్నాయి.