ఆవిడ గారి వారం

ఇల్లు ఊడ్చే రోబో వచ్చాక ఆవిడకి తెలిసిన మొదటి సంగతి, అది ఊడవాలంటే ముందు ఎవరో ఒకరు ఇల్లు సర్దిపెట్టాలని. కుర్చీలన్నీ ఎత్తి బల్ల మీద బోర్లించాలి. తివాచీ కుచ్చులు లోపలికి మడవాలి. అత్తగారి మేజోళ్ళు, ఆయనగారి ఛార్జర్ల తీగలు ఏరాలి. అప్పుడది స్టాండు దిగి, అడ్డేమీ లేని నేల మీద రాజావారిలా తిరిగి, గోడకి నాలుగైదుసార్లు గుద్దుకుని, "శుభ్రపరచడం పూర్తయింది" అని చాటింపు వేసుకుని మళ్ళీ వెళ్ళి పడుకుంటుంది. దాని పొట్ట విప్పి చెత్త పారబోసి, బ్రష్షుకి చుట్టుకున్న వెంట్రుకలు కత్తెరతో కత్తిరించేది కూడా ఆవిడే. ఆయన దానికి బుడ్డోడు అని ముద్దుపేరు పెట్టుకున్నాడు. ఓ ఆదివారం ఆవిడ బుడ్డోడి మీట నొక్కబోతే ఆయన పడగ్గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు.

"దానికి రోజూ పని చెప్పకోయ్! మోటారు అరిగిపోతుంది. వారానికి ఒక్కరోజైనా రెస్టు ఇవ్వాలి."

కుర్చీ రెండు చేతులా ఎత్తి పట్టుకుని ఉండగా ఆ మాట విన్నది ఆవిడ. నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో తెలియక కుర్చీ దించేసింది.

ఆయన ఉద్యోగం ఫ్యాన్లు అమ్మే కంపెనీలో. ప్రాణం మాత్రం గాడ్జెట్లలో. మార్కెట్లోకి కొత్తగా ఏదొచ్చినా ముందు మన ఇంట్లో మోగాలి, మెరవాలి, లేదా దానంతట అదే తెరుచుకోవాలి. కర్టెన్లకి మోటారు, బల్బులకి యాప్, హాల్లో మాట్లాడే డబ్బా. ప్రతి ఆదివారం ఆయన ఇంటర్నెట్‌లో ఒక కార్యక్రమం కూడా చేస్తాడు. కొత్త ఫోన్లు, ఎవరో హీరోగారి ట్రైలర్లో దొర్లిన తప్పులు, ఈ వారం జనం దేనికి నవ్వుకున్నారు, దేనికి కొట్టుకున్నారు, ఇలా ఊసుపోని కబుర్లన్నీ చెబుతాడు. చెప్పడం బాగానే చెబుతాడు, ఆ మాట కాదనకూడదు. రికార్డింగ్ జరిగినంతసేపూ మాత్రం ఇంట్లో ఎవరూ బతికున్నట్టు తెలియకూడదు. కుళాయి సన్నగా తిప్పాలి. మిక్సీ వెయ్యకూడదు. అత్తగారికి తుమ్ము వస్తే దిండులోకి తుమ్మాలి.

ఆ కార్యక్రమానికి ప్రాణం లాంటిది చివరి శీర్షిక. దాని పేరు "ఆవిడ గారి వారం". టెక్నాలజీ ముందు వాళ్ళావిడ ఈ వారం చేసిన తెలివితక్కువ పని ఏమిటో అందులో చెబుతాడు. నిజానికి మొదటిది జరిగిందే. వంటింట్లోకి వెళ్తూ ఆవిడ బుడ్డోడి మీద కాలు వెయ్యబోయి, "అయ్యో, సారీ" అంది. అది విని ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆదివారం జనమూ నవ్వారు. అది మొదలు వారానికో ముక్క కావలసి వచ్చింది. జరిగినవి అయిపోతే జరగనివి పుట్టాయి. ఒకరోజు పొద్దున్నే ఆవిడ టీవీ వెనకాల వైఫై పెట్టె దగ్గర చెయ్యి పెట్టి ఉండడం ఆయన కంటపడింది. "సిగ్నల్ బాగా వస్తుందని మా ఆవిడ రౌటర్‌కి దుమ్ము దులుపుతుందండీ!" అని చెప్పేశాడు. ఆవిడ దులుపుతున్నది దుమ్ము కాదు. ఆ పెట్టె ప్లగ్గు రోజూ పొద్దున్నే ఒకసారి పీకి, కాసేపాగి మళ్ళీ పెట్టకపోతే మధ్యాహ్నానికల్లా మొండికేస్తుంది. దాంతోపాటు డబ్బా మూగబోతుంది, బల్బులు మొరాయిస్తాయి. ఇల్లంతా దాని మీదే నడుస్తోందని ఆవిడకి తెలుసు. ఆయన లేచేసరికి అన్నీ వెలుగుతూ ఉంటాయి కాబట్టి ఆయనకి తెలియదు.

"అవి అస్తమానం నన్నే ఎందుకండీ?" అని ఒకసారి అడిగింది.

"సరదాకే కదా! నీ పేరేమైనా చెప్పానా?"

పేరు చెప్పలేదు. ఆ మాట నిజం. అందుకే లోకంలో ఎవరి ముందైనా ఆవిడ్ని అలా పడెయ్యొచ్చు. ఇక ఆ డబ్బా సంగతి మరీ చోద్యం. అత్తగారు దానితో, "కాస్త లైటు వెయ్యమ్మా" అంటుంది. అది మాట వినకపోతే కోడలి వైపు తిరిగి, "ఏయ్, లైటు వెయ్యి" అంటుంది. అత్తగారి నోట అమ్మా అనిపించుకోవడానికి తను కూడా ప్లగ్గులో దూరాలేమో అనుకుంటుంది ఆవిడ.

ఇంతకీ ఆవిడకి యంత్రాలంటే తెలియక కాదు. ఆవిడ ఉద్యోగమే వాటితో. చెవి డాక్టరు దగ్గర, వినికిడి తగ్గినవాళ్ళకి చెవి మిషన్లు అమర్చి, ఎవరి చెవికి ఎంత కావాలో కంప్యూటర్లో సరిచేస్తుంది. వేలి గోరంత మిషను, దాని లోపల గోరంతలో వందో వంతు తీగలు. ఆ సంగతి ఆయన కార్యక్రమంలో ఎప్పుడూ రాలేదు. వస్తే శీర్షిక నడవదు.

ఓ మంగళవారం అక్కడికి ఓ లెక్కల మేడమ్ వచ్చింది. పేరుకి రిటైరయింది గానీ ఎదుటివాళ్ళని నిలబెట్టి జవాబు అడిగే అలవాటు పోలేదు. కొత్త మిషను పెట్టి, "ఏదైనా వినండి మేడమ్, మాట ఎలా వస్తోందో చూద్దాం" అంది ఆవిడ. మేడమ్ ఫోన్ తీసి, సౌండు పెంచి బల్ల మీద పెట్టింది. గదంతా ఆయన గొంతు నిండిపోయింది.

"...సిగ్నల్ బాగా వస్తుందని మా ఆవిడ రౌటర్‌కి దుమ్ము దులుపుతుందండీ!"

ఎదుటి కుర్చీలో వంతు కోసం కూర్చున్న ముసలాయన పకపకా నవ్వాడు. కౌంటరు దగ్గరి అమ్మాయి కూడా నవ్వింది. ఆవిడ కంప్యూటర్ తెర మీద కళ్ళు పెట్టుకుని, ఉన్న గీతనే పైకీ కిందికీ జరుపుతూ కూర్చుంది. సిగ్గేసింది. తప్పు చేసినవాళ్ళకి వేసే సిగ్గు తనకెందుకు వేస్తోందో ఆవిడకి తెలియలేదు గానీ, చెవులదాకా వేసింది. తను రోజంతా జనం చెవులు బాగుచేస్తోంది, ఆ బాగుపడ్డ చెవులతో వాళ్ళు వింటున్నది ఇదీ!

లెక్కల మేడమ్ మాత్రం నవ్వలేదు. నొసలు ముడిచి ఆలోచిస్తోంది.

"మాట స్పష్టంగా రావట్లేదా మేడమ్?"

"మాట బాగానే వస్తోందమ్మాయ్. సంగతే తేలట్లేదు. ఈయన ప్రతివారం వాళ్ళావిడ అది పాడుచేసింది, ఇది పాడుచేసింది అంటాడు. వారం తిరిగేసరికి ఆ ఇంట్లో అన్నీ మళ్ళీ పనిచేస్తుంటాయి. మరి బాగుచేసేదెవరు? తను బాగుచేశానని ఈయన ఒక్కసారీ అనడేం? నిజంగా తనే చేసుంటే చెప్పుకోకుండా ఊరుకుంటాడా?"

ఆవిడ "కాస్త తల ఇటు తిప్పండి" అని మిషను సర్దింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఇంట్లో ఎవరికీ రాని అనుమానం, చెవులు వినపడని మనిషికి వచ్చింది.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి గంతులేసుకుంటూ వచ్చాడు. ఈ ఆదివారం కార్యక్రమం లైవ్ అట. రికార్డింగ్ కాదు, జనం అప్పటికప్పుడు చూస్తారట, మాటలు రాస్తారట. పేరు కూడా పెట్టేశాడు: "తనంతట తానే నడిచే ఇల్లు".

"ఆఖర్లో నువ్వు రావాలోయ్. బుడ్డోడికి సారీ చెబుదువుగాని. జనం పడిపోతారు!"

"నేను రాను. ఆ శీర్షిక కూడా ఇక ఆపెయ్యండి. మా క్లినిక్‌లో వింటున్నారు. నాకు సిగ్గుగా ఉంది."

ఇంత సూటిగా ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. ఆయన ఒక్క క్షణం ఆగాడు. ఆగాడు కాబట్టి ఏదో ఆలోచిస్తున్నాడనుకుంది పాపం.

"అది తీసేస్తే చూసేదెవరు? జనం వచ్చేదే దానికోసం. సరే, నువ్వు రాకపోతే మానె. నువ్వు చేసేదేముందిలే, ఇల్లు దానంతట అదే నడుస్తుంది."

ఆవిడ "సరే" అంది. ఆ సరేలో ఏముందో ఆయన వెతుక్కోలేదు. యాప్‌లో బల్బుల రంగు చూసుకుంటున్నాడు.

ఆదివారం పొద్దున్న ఆవిడ లేచి మొహం కడుక్కుని కాఫీ పెట్టుకుంది. అంతే. ఆవిడ దేన్నీ పాడుచెయ్యలేదు, ఒక తీగ లాగలేదు, ఒక మీట నొక్కలేదు. ఈ సంగతి గట్టిగా చెప్పుకోవాలి, రేపు ఎవరైనా ఆడదాని కుట్ర అనగలరు. కుర్చీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అత్తగారి మేజోడు సోఫా కింద ఉంది. కర్టెన్ల మోటారు ఛార్జింగు కోసం పిట్టలా కూసి కూసి ఊరుకుంది. వైఫై పెట్టె దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళబోయిన కాళ్ళని రెండుసార్లు ఆపుకోవలసి వచ్చింది. అలవాటు అంత చెడ్డది. కాఫీ మాత్రం చాలా రోజుల తర్వాత వేడివేడిగా తాగింది.

మధ్యాహ్నం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోన్ స్టాండుకి పెట్టి హాల్లో నిలబడ్డాడు. లైవ్ నడిచేది ఆ ఫోన్ సొంత డేటా మీదే. ఆ ఒక్కటీ ఆయన స్వయంగా చూసుకున్నాడు. అత్తగారు సోఫాలో కొత్త శాలువా కప్పుకుని కూర్చుంది. ఆవిడ వంటింట్లో కుర్చీ వేసుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, తన ఫోన్‌లో కూడా డేటా వేసుకుని అదే లైవ్ తెరిచింది. లైవ్ అంటారు గానీ అక్కడ అన్న మాట ఫోన్‌లోకి రావడానికి పావు నిమిషం పడుతోంది. ఆయన నమస్కారం గోడ అవతల నుంచి ఒకసారి వినపడింది, చెవిలో ఇంకోసారి వినపడింది.

"చూడండి, నేను వేలు కూడా కదపను. లైట్లు వెయ్యి!" అన్నాడు డబ్బాతో.

డబ్బా పలకలేదు. ఇంకాస్త గట్టిగా అన్నాడు. పలకలేదు. పోనీ అని కర్టెన్ల రిమోటు నొక్కాడు. అవి జానెడు కదిలి అలిసిపోయాయి. "పర్లేదు, మన బుడ్డోడు ఉన్నాడు" అని మీట నొక్కాడు. బుడ్డోడు ఉత్సాహంగా బయల్దేరి, సోఫా కింద దూరి, మేజోడు సగం మింగి, "సహాయం కావాలి, సహాయం కావాలి" అని అరవడం మొదలెట్టాడు.

"ఏమోయ్!" అన్నాడు ఆయన.

ఆ పిలుపుకి ఆవిడ సగం లేచింది. మళ్ళీ కూర్చుంది. పావు నిమిషం తర్వాత అదే పిలుపు చెవిలో మోగింది. "ఏమోయ్!" ఇన్నేళ్ళూ ఆ పిలుపుకి లేచి పరుగెత్తడమే గానీ, అదెలా ఉంటుందో ఎప్పుడూ కూర్చుని వినలేదు. ఇప్పుడు నలుగురితోపాటు కూర్చుని విన్నది. సహాయం కావాలి అనడంలో బుడ్డోడే కాస్త మర్యాదగా అన్నాడనిపించింది.

"ఏమోయ్, ఈ వైఫైకి ఏమైంది? ఏమోయ్, పాస్‌వర్డ్ ఏంటి? ఏమోయ్!"

"ఒరేయ్, దానికేం కాలేదురా" అంది అత్తగారు, ఫోన్ ముందున్నానన్న సంగతి మరిచిపోయి. "కోడలు రోజూ పొద్దున్నే ఆ టీవీ వెనకాల పెట్టె పీకి పెడుతుంది. ఇవాళ పెట్టలేదు. అది చెయ్యకపోతే నా సీరియల్ కూడా రాదు."

పావు నిమిషానికి చెవిలో అత్తగారి మాట మళ్ళీ వచ్చింది. ఆవిడ ఆశ్చర్యపోయింది. అంటే అత్తయ్య ఇన్నాళ్ళూ చూస్తూనే ఉంది! చూసి కూడా నోరు మెదపలేదు. కోపగించుకోవాలో కృతజ్ఞత చెప్పుకోవాలో ఆలోచించేలోపు ఆయన వంటింటి గుమ్మంలో ఉన్నాడు. ఒళ్ళంతా చెమట.

"కాస్త వచ్చి ఆ పెట్టె సంగతి చూద్దూ" అన్నాడు గొంతు తగ్గించి. "జనం చూస్తున్నారు."

"ప్లగ్గు తియ్యండి" అంది ఆవిడ, కూర్చునే. "ముప్ఫై దాకా లెక్కపెట్టండి. మళ్ళీ పెట్టండి. పెట్టె మీద లైట్లన్నీ వెలిగేదాకా అక్కడే ఉండండి. సోఫా కింద మేజోడు ఉంది, అదీ తీసెయ్యండి."

ఆయన నిలబడ్డాడు. ఆవిడ లేవలేదు. వెళ్ళాడు. టీవీ వెనక దూరి పైకే లెక్కపెట్టాడు. "నిదానంగా లెక్కపెట్టరా, అది హడావిడి పడితే వినదు. కోడలికి తెలుసు" అని అత్తగారు సలహా ఇచ్చింది. ఆ అంకెలన్నీ ఆవిడ రెండేసిసార్లు విని, ఎదుటి కుర్చీ దగ్గరికి లాక్కుని కాళ్ళు దాని మీద చాపుకుంది.

పెట్టె మీద లైట్లు వెలిగాయి. మేజోడు బయటపడి బుడ్డోడు అరుపు ఆపాడు. డబ్బా ఏమీ ఎరగనట్టు, "నమస్కారం, ఏం చెయ్యమంటారు?" అంది. ఆయన చొక్కా సర్దుకుని, పోయిన పరువుని నవ్వుతో అతికించబోయాడు.

"సరే, అయిందేదో అయింది! ఇప్పుడు మనందరికీ ఇష్టమైన 'ఆవిడ గారి వారం'. ఈసారి కథ మీరే ఊహించి రాయండి. నేను చదువుతాను."

ఆవిడ ఫోన్ చేతిలోకి తీసుకుంది. తెర మీద జనం మాటలు జరజరా పాకుతున్నాయి. ఆవిడ కూడా ఒక ముక్క రాసింది. కింద, ఇన్నాళ్ళూ ఆయన చెప్పని తన పేరు కనపడింది. దాన్ని దాచకుండానే పంపేసింది.

ఆయన ఒక్కొక్కటే పైకి చదువుతున్నాడు. "ఆవిడని ముందుకు పిలవండి, ఆవిడ మాట వినాలి... ఇదెవరో లెక్కల మేడమ్ అట... బాగుచేసేదెవరో ఇవాళ తేలింది..." గొంతు తగ్గింది. అయినా ఆగలేక తర్వాతది కూడా అదే ఊపులో చదివేశాడు.

"ఈ వారం ఆవిడ ఏమీ చెయ్యలేదు."

చదివాక పేరు చూశాడు. ఆవిడ కదలకుండా కూర్చుని పావు నిమిషం ఆగింది, ఆ మాట ఆయన గొంతుతో ఇంకోసారి వినడానికి.