ఇరవయ్యో పిన్ను

స్టోర్సు ఆఫీసరు కాగితాన్ని బల్ల మీద ముందుకు తోశాడు. పెన్ను మూత కూడా ఆయనే తీసి పెట్టాడు. అంత మర్యాద ఆయన ఎవరికీ చెయ్యడు.

కాగితంలో ఒక్కటే వాక్యం. యంత్రాలు బిగించడంలో నా పొరపాటు వల్లే గ్రాఫిక్స్ కార్డులు చెడిపోయాయి, అని. కింద ఆవగింజ పేరు, పక్కన ఖాళీ గీత.

ఆవగింజ ఆమె అసలు పేరు కాదు. మనిషి అయిదడుగులకు మూడంగుళాలు తక్కువ, నోరు మాత్రం ఘాటు. ఈ బస్సుల కంట్రోల్ రూములో అడుగుపెట్టిన మొదటిరోజే ఎవరో అలా పిలిచారు, ఆ పేరు అతుక్కుపోయింది. మేనమామ కంప్యూటర్ల షాపులో తొమ్మిదేళ్లుగా స్క్రూడ్రైవరు పట్టిన చెయ్యి ఆమెది. ఆ గీత మీద సంతకం పడితే ఆ చెయ్యిని ఇక ఏ ఆఫీసూ తన యంత్రం దగ్గరికి రానివ్వదు. ఆ సంగతి ఆఫీసరుకు తెలుసు, మావయ్యకు తెలుసు, అందరికన్నా బాగా ఆమెకు తెలుసు.

గొడవ నెల కిందట మొదలైంది. కంట్రోల్ రూములో నాలుగు బల్లలు, బల్లకు నాలుగు తెరలు. ఏ బస్సు ఎక్కడుందో, ఏ రోడ్డు మూసుకుపోయిందో ఆ తెరల్లోనే కనబడాలి. పాత కంప్యూటర్లు బీరువాలంత ఉండేవి, వాటి ఫ్యాన్ల రొదకు ఫోనులో మాట వినబడేది కాదు. బల్ల కింద సొరుగులో పట్టే బుల్లి డబ్బాలు పెట్టిద్దామని ఆవగింజే పట్టుబట్టింది. లోపల జానెడు పొడవైనా లేని గ్రాఫిక్స్ కార్డు, ఎత్తు మూడు వేళ్లు. అయినా దాని వెనక తెరల కేబుళ్లు తగిలించే నాలుగు డిస్‌ప్లేపోర్ట్ సాకెట్లు, నాలుగు తెరలనూ ఒంటిచేత్తో మోసే సత్తా. ఈ బుడ్డది అంత పని చేస్తుందా అని ఆఫీసరు అప్పుడే మూతి విరిచాడు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు సార్ అని ఆమె అంటే గదంతా నవ్వింది, ఆయన తప్ప.

వారం రోజులు అంతా సాఫీగా నడిచింది. తర్వాత గది సర్దారు, బల్లలు గోడకు దూరంగా జరిగాయి, తెరల స్టాండ్లు మాత్రం గోడవారనే ఉండిపోయాయి. ఆపైనే మొదలైంది పీడ. ఉదయం పదింటికి షిఫ్టు మారేటప్పుడు కంప్యూటర్లు ఆపి మళ్లీ వేస్తారు. ఆపినవి లేవడం మానేశాయి, ఇవాళ ఒకటో బల్ల, రేపు మూడో బల్ల. ఆవగింజ డబ్బాను షాపుకు మోసుకెళ్తే అక్కడ రోజంతా గుర్రంలా పరిగెత్తేది. తెచ్చి బిగిస్తే మర్నాడు ఉదయం మళ్లీ శవం. రెండు కార్డులు మార్చినా అదే తంతు. కార్డులు అమ్మిన కంపెనీ, బిగించడం చేతకాలేదని ఉత్తరం రాసి చేతులు దులుపుకుంది. ఆఫీసరుకు కావాల్సిందీ అదే.

వరండాలోకి తీసుకెళ్లి మావయ్య నచ్చజెప్పబోయాడు. సంతకం పెట్టేస్తే గొడవ వదిలిపోతుందన్నాడు, షాపులో వెనకగదిలో కూర్చుని పని చేసుకోవచ్చన్నాడు, ఎవరేమనుకున్నా తను ఉన్నాడన్నాడు.

"నా చెయ్యి తప్పు చేస్తే నా నోటితోనే ఒప్పుకుంటా మావయ్యా," అంది ఆవగింజ. "చెయ్యని తప్పుకి సంతకం అరువివ్వను."

తిరిగొచ్చి ఆఫీసరును అరగంట గడువు అడిగింది. ఆయన గడియారం చూసుకుని, ఈసారి కూడా షాపుకు మోసుకెళ్లి మంత్రం వేసుకొస్తావా అన్నాడు. ఇక్కడే, మీ కళ్ల ముందే విప్పుతానంది.

ఇన్నాళ్లూ జరిగిన పొరపాటు ఆ మోసుకెళ్లడంలోనే ఉందని ఆమెకు తోచింది. సొరుగు ఇరుకు. డబ్బా బయటికి రావాలంటే ముందు తీగలన్నీ పీకాలి. అంటే తీగలుండగా లోపల ఏం జరుగుతోందో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఆమె వెల్లకిలా పడుకుని బల్ల కిందకు జారింది. కరెంటు తీగ ఒక్కటే పీకి, దాని కొసను షిఫ్టు ఇన్‌చార్జి అక్క చేతికిచ్చి గట్టిగా పట్టుకోమంది. సొరుగులో ఉండగానే డబ్బా మూత తీసింది. ఆన్ బటన్ నొక్కిపట్టి ముప్ఫై లెక్కపెట్టింది. లోపల మిగిలిన కరెంటు కూడా పోవాలని మావయ్య నేర్పిన పద్ధతి అది. అన్నం మానినా ఆమె ఆ లెక్క మానదు.

ముప్ఫై అయింది. కార్డు అంచున బియ్యపుగింజంత దీపం వెలుగుతూనే ఉంది.

మళ్లీ నొక్కి మళ్లీ లెక్కపెట్టింది. దీపం ఆరలేదు సరికదా, చిన్న ఫ్యాను ఒకసారి వణికి ఆగింది. ఆమె బల్ల కిందనుంచి తల బయటికి పెట్టింది.

"అక్కా, తీగ నీ చేతిలోనే ఉందా?"

"నా చేతిలోనే ఉందే తల్లీ. ఎందుకు?"

"సార్, ఒకసారి వంగి చూడండి. తీగ అక్క చేతిలో ఉంది. మరి ఈ దీపానికి ప్రాణం ఎక్కడిది?"

ఆఫీసరు వంగలేదు. మావయ్య వంగి, మోకాళ్ల మీద కూలబడి, అలాగే ఉండిపోయాడు. అప్పుడు తప్పక ఆఫీసరూ ప్యాంటు మడత చూసుకుంటూ వంగాడు. ఆవగింజ తెరల కేబుళ్లు ఒక్కొక్కటీ పీకింది. నాలుగోది పీకగానే దీపం ఆరింది. కరెంటు తీగ తిరిగి పెట్టించి బటన్ నొక్కితే, అయిదు రోజులుగా చచ్చిపడున్న డబ్బా గుర్రుమంటూ లేచింది.

కరెంటు తెరల్లోంచి వెనక్కి వస్తోందన్నమాట, దాంతో కార్డు పూర్తిగా ఆరదు, పూర్తిగా ఆరనిది మళ్లీ లేవదు. ఈ గదిలో కంప్యూటర్లు ఆపుతారుగానీ తెరలు ఎప్పుడూ ఆపరు. వెనకటికెవరో ఒక తెర ఆపి మరిచిపోతే, మూసుకుపోయిన వంతెన వైపు రెండు గంటలపాటు బస్సులు వెళ్తూనే ఉన్నాయి. అప్పట్నుంచి అది అక్క పెట్టిన చట్టం. షాపులో మాత్రం తెరా, డబ్బా ఒకే స్విచ్చికి ఆరిపోతాయి, కేబుళ్లూ వేరు.

"తప్పు కేబుల్లో ఉంది సార్," అంది ఆమె దుమ్ము దులుపుకుంటూ.

"ఆడలేక మద్దెల ఓడందట," అన్నాడు ఆఫీసరు.

"మద్దెల తెచ్చింది మీరే. వాయించి చూద్దాం."

నిజమే. బల్లలు జరిపాక షాపు ఇచ్చిన కేబుళ్లు మీటరు పొడవు తక్కువపడ్డాయి. ఏ కేబులైతేనేం అని పదహారు పొడుగువి ఆఫీసరే తెప్పించాడు. ఆవగింజ కరెంటు పరీక్షించే మీటరు తీసి, పొడుగు కేబులుకు రెండు కొసల్లోనూ ఉన్న ఇరవై పిన్నుల్లో ఇరవయ్యోదానికి దాని ముల్లు ఆనించింది. మీటరు కుయ్యిమంది, అంటే ఈ కొసా ఆ కొసా తీగతో కలిసున్నాయి. సంచిలోంచి షాపు కేబులు తీసి అలాగే ఆనించింది. కిక్కురుమనలేదు.

ఆమె చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఆ పిన్నులో కొద్దిపాటి కరెంటు ఉంటుంది, సాకెట్‌కు నేరుగా తగిలించే చిన్న చిన్న పరికరాల కోసం. కార్డు వైపూ ఉంటుంది, తెర వైపూ ఉంటుంది. అందుకే రెంటినీ కలిపే కేబుల్లో ఆ ఒక్క పిన్నుకూ తీగ వెయ్యకూడదని డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణంలోనే రాసి ఉంది. ఈ కేబులు చేసినవాడు ఇరవైకి ఇరవై కలిపేశాడు.

ఆఫీసరు కేబులును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి రాజీకొచ్చాడు. పాత కాగితం చించేద్దాం, సాంకేతిక కారణాల వల్ల అని ఇంకోటి రాసుకుందాం, ఎవరి పేరూ వద్దు.

"కారణానికి పేరుంది సార్. కొత్త కేబుళ్లు మీటరు పెట్టి చూడకుండా నమ్మాను. అది నా తప్పు. రాయండి, ఇప్పుడే సంతకం పెడతా. మీది మీరు రాసుకోండి."

ఇలా అయితే వచ్చే ఏడు ఈ పని వేరే షాపుకు పోతుందన్నాడు ఆయన, మావయ్య వైపు చూస్తూ. మావయ్య ప్యాంటుకు అంటిన దుమ్ము తీరిగ్గా దులుపుకున్నాడు.

"పోతే పోనీండి. పిల్ల చెప్పింది వినబడింది కదా."

ఆవగింజ మిగిలిన మూడు బల్లల కిందకూ దూరింది. తెరల స్టాండ్లు బల్లల దగ్గరికి జరిపి, షాపు కేబుళ్లు అందేలా బిగించి, నాలుగు డబ్బాలూ ఆపి లేపి చూపించింది. పొడుగు కేబుళ్లు పదహారూ చుట్టచుట్టి తన సంచిలో పెట్టుకుంది.

ఆఫీసరు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. అవి స్టోర్సు సొత్తు, బయటికి పోవడానికి వీల్లేదన్నాడు.

"ఇచ్చేస్తా సార్. ముట్టినట్టు రసీదు రాయండి. ఇరవయ్యో పిన్ను కలిసిన కేబుళ్లు, పదహారు, స్టోర్సు తెప్పించినవి. అంతే."

ఆయన సంచి వైపు చూశాడు, మీటరు వైపు చూశాడు. కేబుళ్లు గడప దాటితే పైఅధికారుల్లో ఎవరెవరి బల్లల మీద తేలతాయో ఊహించుకున్నాడు. అక్క కుర్చీ లాగి వేసింది. ఆయన కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. రెండు లైన్లు గబగబా రాసి సంతకం పెట్టబోతుంటే ఆవగింజ పక్కనుంచి తొంగి చదివింది.

"పిన్ను నంబరు వదిలేశారు సార్," అంది.